నీటిని మోసే పాత్ర: మెత్తని ప్లాస్టిక్, ప్రజారోగ్యం, రుజువు భారం

ఈ సభ యల్లాప్రగడ సుబ్బారావు గారి స్మృతికి అంకితమైనది. 1895లో భీమవరంలో పుట్టి 1948లో అమెరికాలో కన్నుమూసిన ఆ శాస్త్రవేత్తను మనం ఫోలిక్ ఆమ్లంతోనూ, బోదకాలు మందుతోనూ, కేన్సర్ చికిత్సకు దారి తీసిన పరిశోధనతోనూ కలిపి స్మరించుకుంటాం. వాటన్నిటికన్నా ముందు, 1925లో, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన ప్రచురించినది ఒక కొలత పద్ధతి. రక్తంలోనూ మూత్రంలోనూ ఉన్న భాస్వరాన్ని రంగు గాఢతను బట్టి లెక్కగట్టే ఆ పద్ధతి ప్రపంచంలోని జీవరసాయన ప్రయోగశాలలకు దశాబ్దాల పాటు ఆధారమైంది. శరీరంలో ఏది ఎంత ఉందో ముందు తెలియాలి, చికిత్స మాట ఆ తరవాత అన్న క్రమశిక్షణ ఆయనది. ఈ సాయంత్రం నేను మాట్లాడదలచినది కంటికి కనిపించని, నాలుకకు తెలియని, మన తాగునీటి ప్రమాణాల పట్టికలో చోటు దొరకని ఒక రసాయన కుటుంబం గురించి. ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి కలిపే థాలేట్ల గురించి.

నీటి భద్రత చరిత్రను పుస్తకాల్లో చదివితే అది దాదాపు అంతా నీటి మూలం చరిత్రగానే కనిపిస్తుంది. 1854లో లండన్‌లోని బ్రాడ్ వీధి బోరింగు చుట్టూ కలరా మరణాలను పటంపై గుర్తించిన జాన్ స్నో మూలాన్నే ప్రశ్నించాడు. ఇసుక వడపోతా, క్లోరినూ మూలం నుంచి వచ్చిన మాలిన్యాన్ని తొలగించడానికే వచ్చాయి. 1908 మూసీ వరదల తరవాత హైదరాబాదుకు ఎగువన కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లు వరద ముప్పును అదుపు చేస్తూనే నగరానికి నమ్మకమైన మూలాన్ని ఇచ్చాయి. ఈ దృష్టి కోట్లాది ప్రాణాలను కాపాడింది, అందులో సందేహం లేదు. అయితే మూలానికీ నోటికీ మధ్య నీరు ప్రయాణించే దారి గత నూరేళ్లలో పూర్తిగా మారిపోయింది. మట్టి, రాయి, ఇత్తడి, ఇనుము ఉన్న చోట ఇప్పుడు ఎన్నో రకాల ప్లాస్టిక్ ఉంది. ఈ మార్పు జరిగినంత వేగంగా మన ప్రమాణాలు మారలేదు. నా ప్రతిపాదన ఇది: నీటిని మోసే, నిలవచేసే, మూతపెట్టే వస్తువును కూడా నీటిలో భాగంగానే లెక్కించాలి, ఆ వస్తువు నిరపాయమైనదని చూపే భారం తయారీదారుపై ఉండాలి గాని ఆ నీటిని తాగేవారిపై ఉండకూడదు.

పాత్ర నీటిలోకి దిగుతుందన్న ఎరుక కొత్తది కాదు. క్రీస్తుకు పూర్వం మొదటి శతాబ్దిలో రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్, సీసపు గొట్టాల నీటికన్నా మట్టి గొట్టాల నీరు ఆరోగ్యకరమని రాశాడు. సీసం పనివాళ్ల పాలిపోయిన ముఖాలను అందుకు నిదర్శనంగా చూపాడు. మన ఇళ్లలో రాగి, ఇత్తడి గిన్నెలకు ఏటేటా కళాయి పూయించేవారు. చింతపండు పులుసు వట్టి ఇత్తడిలో కాగితే చిలుమెక్కుతుందనీ, అది తింటే వాంతులవుతాయనీ అక్షరం రాని గృహిణికి సైతం తెలుసు. వీధిలో కళాయివాడి కేక వినపడితే గిన్నెలు బయటికి వచ్చేవి. పాత్రకూ పదార్థానికీ మధ్య జరిగే రసాయన మార్పిడిని అదుపులో పెట్టిన వ్యవస్థ అది. ఆధునిక రాజ్యాలు ఈ పాఠాన్ని ఆలస్యంగా నేర్చుకున్నాయి. అమెరికా కొత్త సీసపు గొట్టాలను నిషేధించినది 1986లో. అయినా భూమిలో మిగిలిపోయిన పాత గొట్టాల వల్ల 2014 తరవాత ఫ్లింట్ నగరంలో పిల్లల రక్తంలోకి సీసం చేరింది. మన దేశంలో గట్టి పి.వి.సి. పైపుల్లో స్థిరత్వం కోసం వాడే సీసాన్ని దశలవారీగా తొలగించాలన్న నిబంధనలు 2021లో గాని రాలేదు. సీసం విషమని రెండు వేల ఏళ్లుగా తెలిసిన మానవజాతి దాన్ని నీటి దారి నుంచి తప్పించడానికి ఇంతకాలం తీసుకుంది.

ఇక ప్లాస్టిక్‌ను మెత్తబరిచే విద్యకు వద్దాం. పంతొమ్మిదో శతాబ్ది చివరలో వచ్చిన సెల్యులాయిడ్‌ను సాగేటట్టు చేసినది కర్పూరం. ఆ కర్పూరం కాలక్రమాన ఎగిరిపోయి వస్తువు పెళుసుబారేది. 1926లో వాల్డో సెమన్ అనే అమెరికన్ రసాయనవేత్త, అప్పటివరకు పనికిరాదనుకున్న పి.వి.సి.ని ఎక్కువ వేడికి మరిగే ద్రవాలతో కలిపి కాచి, రబ్బరులా వంగే పదార్థంగా మార్చాడు. ఆ తరవాతి దశాబ్దంలో థాలేట్లు ఈ పనికి స్థిరపడ్డాయి. వాటిలో ముఖ్యమైనది డై ఇథైల్ హెక్సైల్ థాలేట్, క్లుప్తంగా డి.ఇ.హెచ్.పి. దాని పని సులభంగానే అర్థమవుతుంది. పి.వి.సి. అణువుల పొడవాటి గొలుసులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. థాలేట్ అణువులు వాటి మధ్య చేరి ఆ పట్టును సడలిస్తాయి. మెత్తని పి.వి.సి. వస్తువు బరువులో సాధారణంగా 20 నుంచి 40 శాతం దాకా ఇదే ఉంటుంది. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఈ అణువులకూ గొలుసులకూ మధ్య రసాయన బంధం ఏదీ లేదు. కర్పూరంలాగే ఇవీ స్థిరంగా ఉండవు. నెమ్మదిగా, ఏళ్ల తరబడి, గాలిలోకీ దుమ్ములోకీ తమను తాకిన ద్రవంలోకీ జరుగుతూ ఉంటాయి. వస్తువును మెత్తబరిచే గుణమూ, దాన్ని విడిచిపోయే గుణమూ ఒకే కారణం నుంచి పుట్టాయి.

ఇక్కడ కొంత ఖచ్చితత్వం అవసరం, ఎందుకంటే భయం అన్ని ప్లాస్టిక్‌లనూ ఒకే గాటన కడుతుంది, దానివల్ల అసలు ప్రశ్న పలచబడుతుంది. తాగునీటికి వాడే గట్టి పి.వి.సి. పైపుల్లో మెత్తబరిచే రసాయనం కలపరు. ఇంటి పైన నిలిపే నల్లటి పాలిథిన్ ట్యాంకుకు దాని అవసరం లేదు. దుకాణంలో కొనే నీళ్ల సీసా పాలిఇథిలిన్ టెరెఫ్తాలేట్‌తో చేసినది. పేరులో పోలిక ఉన్నా అది ఈ కుటుంబానికి చెందిన మెత్తబరిచే రసాయనం కాదు. కొన్ని 20 లీటర్ల క్యాన్లకు వాడే పాలికార్బొనేట్ విషయంలో చర్చించవలసినది బిస్ఫినాల్-ఎ, అది వేరే కథ. మన ప్రశ్న మెత్తగా వంగే వస్తువులది: ట్యాంకరు నుంచి డ్రమ్ములోకి, కుళాయి నుంచి సంపులోకి, బోరు మోటారు నుంచి తొట్టిలోకి నీరు పట్టే సాగే గొట్టాలు, మూతల లోపలి పొరలు, కొన్ని రకాల వాషర్లు, నీటిని నిలవచేసే మెత్తని సంచులు. వీటికి తోడు మూలంలోనే కలిసేది ఉంది. పారేసిన ప్లాస్టిక్ కుప్పల నుంచి ఊరే మురుగు భూగర్భజలంలోకి, పరిశ్రమల వ్యర్థజలం నదుల్లోకి ఇదే రసాయనాన్ని మోసుకుపోతుంది. తాగునీటి పథకం ఎంత శుద్ధమైన నీటిని గ్రామం దాకా తెచ్చినా, చివరి పది అడుగులు ఎండలో పడి ఉన్న ఒక మెత్తని గొట్టంలో గడిస్తే ఆ పది అడుగుల మాట ఎవరి లెక్కలోకీ రాదు.

డి.ఇ.హెచ్.పి. నూనె స్వభావం గలది. నీటిలో చాలా తక్కువగా కరుగుతుంది. కనుక నీటిలోకి దిగే పరిమాణం లీటరుకు మైక్రోగ్రాముల్లోనే ఉంటుంది. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ, నీరు నిలిచే సమయం పెరిగేకొద్దీ, గొట్టం లోపలి వైశాల్యం పెరిగేకొద్దీ ఆ పరిమాణం పెరుగుతుంది. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి గాని, నీటికన్నా ఎంతో ఎక్కువ వేడికి మరిగే ఈ రసాయనం పోదు. క్లోరిన్ దాన్ని పెద్దగా తాకదు. ఉత్తేజిత బొగ్గు చాలావరకు పట్టుకుంటుంది. ప్లాస్టిక్ నుంచి ఈ రసాయనం మనిషిలోకి చేరుతుందన్న తిరుగులేని సాక్ష్యం మొదట నీటి నుంచి రాలేదు, రక్తం నుంచి వచ్చింది. 1970లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో రుడాల్ఫ్ జేగర్, రాబర్ట్ రూబిన్ అనే శాస్త్రవేత్తలు, పి.వి.సి. సంచుల్లో నిలవచేసిన రక్తంలోకి ఈ రసాయనం దిగుతోందని చూపారు; రక్తం ఎక్కించుకున్న రోగుల అవయవాల్లోనూ అది కనిపించింది. రక్తంలో కొవ్వు ఉంటుంది కనుక అక్కడ వలస ఎక్కువ. నీటిలో తక్కువ. అయితే సూత్రం ఒక్కటే: పాత్ర తటస్థం కాదని, లోపలి ద్రవంతో అది ఇచ్చిపుచ్చుకుంటుందని అప్పటికే రుజువైంది.

హాని ఏమిటి? 1982లో అమెరికా జాతీయ విషశాస్త్ర కార్యక్రమం, ఎక్కువ మోతాదులో ఈ రసాయనం ఇచ్చిన ఎలుకల్లోనూ చిట్టెలుకల్లోనూ కాలేయ కణితులు వచ్చాయని ప్రకటించింది. అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మనుషులకు కేన్సర్ కలిగించే అవకాశం ఉన్నదిగా వర్గీకరించింది. ఎలుకల కాలేయంలో జరిగే ప్రక్రియ మనుషులకు వర్తించదన్న వాదనతో 2000లో ఆ వర్గం నుంచి తగ్గించి, మరికొన్ని ఆధారాలు వచ్చాక 2011లో మళ్లీ అదే వర్గంలో చేర్చింది. ఈ రాకపోకలను శాస్త్రం చంచలత్వంగా చూడనవసరం లేదు. సాక్ష్యం మారినప్పుడు తీర్పు మారడం శాస్త్రధర్మం. అయినా నేటి అసలు ఆందోళన కాలేయం గురించి కాదు, గర్భం గురించి. గర్భిణి ఎలుకకు థాలేట్లు ఇస్తే, మగ పిండం వృషణాలు తయారుచేసే టెస్టోస్టిరాన్ పడిపోతుంది. పుట్టిన పిల్లల్లో మూత్రద్వారం తప్పు చోట తెరుచుకోవడం, వృషణాలు కిందికి దిగకపోవడం, పెద్దయ్యాక వీర్యకణాలు తగ్గడం కనిపిస్తాయి. పిండం రూపుదిద్దుకునే కొద్ది రోజుల వ్యవధిలోనే ఇది జరుగుతుంది. అదే మోతాదు పెద్ద ఎలుకకు ఇస్తే అంత హాని కనిపించదు. ఎంత చేరింది అన్న ప్రశ్నతో పాటు ఎప్పుడు చేరింది అన్న ప్రశ్న కూడా విషశాస్త్రంలో అంతే ముఖ్యమైందని ఈ పరిశోధన నేర్పింది.

మనుషుల మాటేమిటన్నది మొదటి అభ్యంతరం, న్యాయమైన అభ్యంతరం. 2005లో షానా స్వాన్ బృందం, గర్భిణుల మూత్రంలో థాలేట్ల అవశేషాలు ఎక్కువగా ఉన్నప్పుడు వారికి పుట్టిన మగపిల్లల్లో మలద్వారానికీ జననాంగానికీ మధ్య దూరం తగ్గిందని ప్రచురించింది. ఎలుకల్లో టెస్టోస్టిరాన్ లోపానికి గుర్తు సరిగ్గా అదే. ఆ తొలి పరిశీలనలో ఉన్నది 85 మంది పిల్లలే. 2015లో ఇంతకన్నా పెద్ద అధ్యయనం, గర్భం తొలి మూడు నెలల్లోని డి.ఇ.హెచ్.పి. అవశేషాలతో అదే సంబంధాన్ని చూపింది. దీనికి ఎదురుగా బలమైన సాక్ష్యం కూడా ఉంది, దాన్ని దాచడం నిజాయితీ కాదు. మానవ పిండపు వృషణ కణజాలాన్ని ఎలుకల్లో నాటి థాలేట్లు ఇచ్చిన ప్రయోగాల్లో, 2012లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, టెస్టోస్టిరాన్ తగ్గలేదు. మనిషి ఎలుక కాదని ఆ ప్రయోగాలు గుర్తుచేశాయి. కాని అవే ప్రయోగాల్లో బీజకణాలు అసాధారణంగా మారడం మానవ కణజాలంలోనూ కనిపించింది. కనుక ఈనాటికి సబబైన తీర్పు ఇది: మనుషులపై హాని తుదిగా నిరూపితం కాలేదు, కొట్టివేయడానికీ వీల్లేదు. గర్భిణులకు ఉద్దేశపూర్వకంగా థాలేట్లు ఇచ్చి చూసే ప్రయోగాన్ని ఏ సమాజమూ అనుమతించదు, అనుమతించకూడదు. అందుచేత తుది రుజువు కోసం వేచి ఉండడమంటే ఎన్నటికీ రాని దాని కోసం వేచి ఉండడమే అవుతుంది.

రెండో అభ్యంతరం మరింత పదునైనది. మనిషికి చేరే డి.ఇ.హెచ్.పి.లో ఎక్కువ భాగం ఆహారం నుంచి వస్తుంది, నీటి వాటా స్వల్పం, అటువంటప్పుడు నీటి గురించి ఇంత చర్చ ఎందుకని విజ్ఞులు అడుగుతారు. వారు చెప్పేది నిజం. ఆ నిజాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన మార్గదర్శక పరిమితిలోనే పొందుపరచింది. కిలో శరీర బరువుకు రోజుకు 25 మైక్రోగ్రాములు సహించదగిన మొత్తమని తీసుకుని, 60 కిలోల మనిషికి 1,500 మైక్రోగ్రాములుగా లెక్కగట్టి, అందులో 1 శాతాన్ని మాత్రమే నీటికి కేటాయించింది. మిగతా 99 శాతం ఇతర మార్గాల నుంచి వస్తుందన్న అంచనాతో, రోజుకు రెండు లీటర్ల నీటికి ఆ 15 మైక్రోగ్రాములను పంచితే లీటరుకు సుమారు 8 మైక్రోగ్రాములు వస్తుంది. ఆ పరిమితి అదే. అమెరికా పర్యావరణ సంస్థ 1992లో కుళాయి నీటికి లీటరుకు 6 మైక్రోగ్రాముల పరిమితి విధించి, లక్ష్యాన్ని సున్నాగా పెట్టింది. నీటి వాటా చిన్నది కాబట్టి పట్టించుకోనవసరం లేదని ఈ సంస్థలు అనుకోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే వాటా చిన్నది కాబట్టి పరిమితిని మరింత బిగించింది. ఆహారం ఎంపికకు లోబడుతుంది. ఒక వంటకం మానుకోవచ్చు, ఒక పొట్లం కొనకుండా ఉండవచ్చు. నీరు మానుకోలేం. తప్పించుకోలేని మార్గంలో వచ్చే వాటాను ప్రత్యేకంగా కాపాడడం ప్రజారోగ్యంలో ప్రాథమిక ధర్మం.

మోతాదు స్వల్పమనీ, ఈ రసాయనం శరీరంలో పేరుకోదనీ, ఒకటి రెండు రోజుల్లో చాలావరకు మూత్రంలో పోతుందనీ మరొక వాదన. అదీ నిజమే. అయితే రోజూ పోయేది రోజూ వస్తుంటే శరీరంలో దాని ఉనికి నిరంతరమవుతుంది. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం జాతీయ సర్వేల్లో పరీక్షించిన దాదాపు ప్రతి ఒక్కరి మూత్రంలోనూ థాలేట్ల అవశేషాలు కనిపించడానికి కారణం ఇదే. పైగా ఏ ఒక్క థాలేటూ ఒంటరిగా రాదు. గర్భిణి ఎలుకలకు ఐదు థాలేట్లను కలిపి ఇచ్చిన 2008 నాటి ప్రయోగంలో వాటి ప్రభావాలు ఒకదానిపై ఒకటి కూడుకున్నాయి. అదే ఏడాది అమెరికా జాతీయ పరిశోధన మండలి, ఈ రసాయనాల ముప్పును విడివిడిగా గాక కలిపి అంచనా వేయాలని సిఫారసు చేసింది. 2019లో ఐరోపా ఆహార భద్రత సంస్థ నాలుగు థాలేట్లకు కలిపి ఒకే సహన పరిమితి నిర్ణయించింది. ఒక్కొక్క పదార్థం విడిగా పరిమితికి లోబడి ఉన్నా, వాటి మొత్తం శరీరానికి ఒకే భారంగా చేరుతుందని శాస్త్రం ఒప్పుకున్న సందర్భమది. మన నీటి ప్రమాణాల నిర్మాణం ఇంకా విడి పదార్థాల జాబితాగానే ఉంది.

మూడో అభ్యంతరం నైతికమైనది, దానికి నేను అత్యంత గౌరవం ఇస్తాను. నేటికీ అతిసారంతో పిల్లలు చనిపోయే దేశంలో, ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిన పల్లెలున్న రాష్ట్రాల్లో, మైక్రోగ్రాముల రసాయనం గురించి మాట్లాడడం సంపన్నుల చింత కాదా? క్రమం విషయంలో నాకు సందేహం లేదు. సూక్ష్మజీవులు, ఫ్లోరైడ్, నైట్రేట్, ఆర్సెనిక్ ముందు. థాలేట్లు ఆ తరవాత. అయితే ఫ్లోరైడ్ చరిత్రే మనకు వేరొక పాఠం చెబుతుంది. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే వైద్యశాస్త్రజ్ఞులు నాటి నెల్లూరు జిల్లా పల్లెల్లో నడుములు బిగుసుకుపోయిన మనుషులను పరీక్షించి, కారణం బావినీటిలోని ఫ్లోరైడ్ అని మన దేశంలో మొదటిసారి నిర్ధారించారు. 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ సంస్థ రూపొందించిన, నీటి నుంచి ఫ్లోరైడ్‌ను తొలగించే పటిక, సున్నం పద్ధతికి నల్గొండ పేరే నిలిచింది. తెలంగాణలో నదీజలాన్ని ఇంటింటికీ చేర్చే మిషన్ భగీరథ 2016లో మొదలయ్యేసరికి, నెల్లూరులో రోగం బయటపడి ఎనభై ఏళ్లు కావచ్చింది. మధ్యలో ఎన్ని తరాల ఎముకలు వంగిపోయాయి! ఆ ఆలస్యానికి కారణం జ్ఞానం లేకపోవడం కాదు. తెలిసిన దాన్ని ప్రమాణంగా, ప్రమాణాన్ని పథకంగా మార్చే యంత్రాంగం లేకపోవడం. ఫ్లోరైడ్‌ను తొలగించడానికి వేల కోట్లు కావాలి. థాలేట్ల విషయంలో మార్పు గొట్టం తయారయ్యే కర్మాగారంలో జరగాలి, పేదవాడి ఇంట్లో కాదు. ముందే జాగ్రత్తపడితే తక్కువ ఖర్చుతో అయ్యే పని ఇది. ఒక సమస్యను పరిష్కరించడానికి నిధులు చాలడం లేదన్న కారణంతో, చవకగా నివారించగల మరొకదాన్ని పెరగనివ్వడం పేదలకు మేలు చేయదు.

ఇక రుజువు భారం ఎవరిదన్న ప్రశ్న. ఈ విషయంలో దారి చూపిన తీర్పు మన నేల మీది నీటి వివాదం నుంచే పుట్టింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల పరీవాహక ప్రాంతంలో ఒక నూనె కర్మాగారానికి అనుమతి విషయమై ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి, ఆచార్య ఎం.వి. నాయుడు కక్షిదారులుగా వచ్చిన వ్యాజ్యంలో, 1999 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును జస్టిస్ ఎం. జగన్నాథరావు రాశారు. శాస్త్రం అనిశ్చితంగా ఉన్నప్పుడు జాగ్రత్త వైపే మొగ్గాలనీ, ఉన్న స్థితిని మార్చదలచినవారే తమ చర్య నిరపాయమని చూపాలనీ ఆ తీర్పు వివరించింది. 2000లో అదే వ్యాజ్యం మళ్లీ వచ్చినప్పుడు న్యాయస్థానం, మంచినీటి హక్కు జీవించే హక్కులో భాగమని స్పష్టం చేసింది. కర్మాగారం జలాశయానికి ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉండాలన్న ప్రశ్నకు వర్తించిన సూత్రం, నీటికి ఒక మిల్లీమీటరు దూరం కూడా లేని గొట్టానికి ఎందుకు వర్తించదు? జలాశయం గట్టుపై పరిశ్రమను అనుమానించే చట్టం, జలాశయం నీటిని గొంతుదాకా మోసే వస్తువును ప్రశ్నించకుండా వదిలేయడం తర్కానికి నిలవదు.

ప్రమాణాల్లో ఉన్న ఖాళీ ఎంత ప్రమాదకరమో రెండు ఉదాహరణలు చాలు. అమెరికాలో కుళాయి నీటికి 1992లో వచ్చిన పరిమితి సీసా నీటికి 2011లో గాని రాలేదు. ఒకే నీరు ఏ పాత్రలో ఉందన్న దాన్ని బట్టి పంతొమ్మిదేళ్ల పాటు రెండు న్యాయాలు నడిచాయి. అదే 2011లో తైవాన్‌లో, పండ్లరసాలకూ శీతల పానీయాలకూ చిక్కదనం తెప్పించే పదార్థంలో పామాయిల్ బదులు చవకైన డి.ఇ.హెచ్.పి. కలుపుతున్నారని బయటపడి దేశమంతా కలకలం రేగింది. దాన్ని ఎవరూ వెతకలేదు. వేరే పదార్థాల కోసం చేసిన పరీక్షలో అనుకోకుండా కనిపించింది. పట్టికలో లేనిదాన్ని రోజువారీ పరీక్షల్లో ఎవరూ వెతకరు. మన దేశంలో పిల్లల బొమ్మల్లో థాలేట్లకు భారతీయ ప్రమాణం పరిమితి విధించింది. 2010లో ఢిల్లీలోని విజ్ఞాన, పర్యావరణ కేంద్రం బొమ్మలను పరీక్షించి థాలేట్లను బయటపెట్టడం ఆ చర్చకు ఊపునిచ్చింది. ఆహారం ప్యాక్ చేసే ప్లాస్టిక్ నుంచి జరిగే వలసకూ హద్దులున్నాయి. కాని తాగునీటి ప్రమాణమైన ఐ.ఎస్. 10500, 2012 సవరణలో సైతం, థాలేట్లకు విడిగా ఏ హద్దూ చెప్పదు. బిడ్డ నోట్లో పెట్టుకునే బొమ్మకు ఉన్న రక్షణ, ఆ బిడ్డను మోస్తున్న తల్లి తాగే నీటికి లేదు.

చివరి అభ్యంతరం ఆచరణ గురించి. నిషేధిస్తే దాని బదులు వచ్చేది ఇంతకన్నా చెడ్డదైతే? ఈ భయానికి ఆధారం ఉంది. డి.ఇ.హెచ్.పి.కి ప్రత్యామ్నాయంగా విస్తరించిన డి.ఐ.ఎన్.పి.ని 2013లో కాలిఫోర్నియా కేన్సర్ కారకాల జాబితాలో చేర్చింది; బిస్ఫినాల్-ఎ బదులు వచ్చిన బిస్ఫినాల్-ఎస్ పైనా అవే అనుమానాలు పుట్టాయి. రక్తపు సంచుల విషయంలో చిక్కు మరింత లోతైనది. ఇదే రసాయనం ఎర్రరక్తకణాల పొరను స్థిరపరచి రక్తం ఎక్కువ రోజులు నిలవుండేలా చేస్తుంది కనుక, ఐరోపా సమాఖ్య వైద్య పరికరాలకు గడువును 2030 దాకా పొడిగించింది. అక్కడ ప్రాణరక్షణ అనే ప్రయోజనం ముప్పుతో తూగుతోంది. నీటి గొట్టం విషయంలో అలా తూగే ప్రయోజనం ఏదీ లేదు. మెత్తబరిచే రసాయనమే అక్కరలేని పాలిథిన్, సిలికాన్ వంటి పదార్థాలు ఇప్పటికే మార్కెట్లో ఉన్నాయి. కాబట్టి ఒక రసాయనం పేరు తీసేసి దాని దాయాదిని కూర్చోబెట్టే పద్ధతి మానాలి. మొత్తం కుటుంబాన్ని ఒకటిగా చూసి, నీటిని తాకే వస్తువులో ఆ అవసరమే లేకుండా చేయాలి.

ఈ వాదన నుంచి కొన్ని కర్తవ్యాలు తేలుతాయి. భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటి ప్రమాణంలో డి.ఇ.హెచ్.పి.కి, దానితోపాటు థాలేట్ల మొత్తానికి, హద్దు నిర్ణయించాలి; ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లీటరుకు 8 మైక్రోగ్రాముల పరిమితి ఆ చర్చకు ఆరంభం కాగలదు. తాగునీటిని తాకే ప్రతి మెత్తని వస్తువుకూ అమ్మకానికి ముందే వలస పరీక్ష తప్పనిసరి కావాలి, మన వేసవిలో గొట్టం ఎక్కే వేడిని లెక్కలోకి తీసుకుని చేసే పరీక్ష అది. తాగునీటికి పనికివచ్చే గొట్టాన్ని తోటకు నీళ్లు పట్టే గొట్టం నుంచి వేరుచేసే గుర్తు తెలుగులో, చదవగలిగే అక్షరాల్లో ఉండాలి. ప్రభుత్వ ట్యాంకర్లు, అంగన్‌వాడీలు, పాఠశాలలు, ఆసుపత్రుల కొనుగోలు షరతుల్లో ఈ నిబంధన చేరితే, చట్టం వచ్చేలోపే మార్కెట్ దారి మళ్లుతుంది. థాలేట్లను కొలవడం కష్టం. ప్రయోగశాలలోని ప్లాస్టిక్ నుంచే అవి నమూనాలోకి చేరి లెక్క తప్పిస్తాయి. ఆ కష్టమే ఇవి ఎంతగా వ్యాపించాయో చెబుతోంది. గాజు పరికరాలతో, శుద్ధమైన పద్ధతులతో వాటిని కొలవగల శక్తి మన దగ్గరే ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, భారతీయ రసాయన సాంకేతిక సంస్థ కలిసి తెలుగు రాష్ట్రాల గర్భిణుల్లో ఈ అవశేషాల క్రమబద్ధమైన సర్వేకు పూనుకుంటే, ఈ చర్చ పరదేశపు అంకెలపై ఆధారపడే స్థితి ముగుస్తుంది.

ఈ కోరికల్లో ఏదీ అసాధ్యం కాదు, ఏదీ అభివృద్ధికి అడ్డు కాదు. ప్లాస్టిక్ వల్లనే మారుమూల తండాకు కుళాయి చేరిందని నేను మరవలేదు. ఆ మేలును కాపాడుకోవడానికే దానిలోని లోపాన్ని సవరించమంటున్నాను. నీటి మూలాన్ని శుద్ధి చేయడం ప్రభుత్వ బాధ్యత అని గడిచిన శతాబ్దం అంగీకరించింది. నీటిని మోసే వస్తువు నిరపాయమని చూపడం దాన్ని తయారుచేసి అమ్మేవారి బాధ్యత అని ఈ శతాబ్దం అంగీకరించాలి. ఫ్లోరైడ్ విషయంలో మనకు తెలిసిన నాటికే రోగం ఊళ్లలో పాతుకుపోయి ఉంది. ఇక్కడ హాని పూర్తిగా రుజువు కాకముందే హెచ్చరిక అందింది, ఆచరించదగిన మార్గం ఉంది, కొలవగల సంస్థలు హైదరాబాదులోనే ఉన్నాయి. ఇన్ని ఉండి కూడా ఆలస్యం చేస్తే, రేపటి తరం ముందు తెలియలేదన్న మాట మనం చెప్పుకోలేం.